కుంట గట్టు మీద చెప్పులు

కుంట గట్టు మీద రెండు జతల చెప్పులు కనిపించాయి. ఒకటి మా పెద్దదానిది, ఒకటి చిన్నాడిది. పక్కపక్కనే, గుడి బయట విడిచినంత బుద్ధిగా ఉన్నాయి. మా ఇంట్లో ఏ రోజూ వాళ్ళు అలా విడిచిన పాపాన పోలేదు. నాకు మొదట భయం వేసింది ఆ బుద్ధిని చూసే.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక పుస్తకాల అర సర్దుతుంటే ఆ నవల చేతికొచ్చింది. నీళ్ళు తాగి ఉబ్బిపోయి, మూసినా మూసుకోవడం లేదు. పోయిన వేసవిలో కొత్తగా తెప్పించుకున్న డిటెక్టివ్ నవల. కథంతా హార్బర్లోనూ సముద్రం మీదనూ. పిల్లలకి సెలవులు. రెడ్డిగూడెం వైపున్న మా మామిడితోటలో కోతలని తిరువూరు నుంచి రోజూ అందరం వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నాలు చెట్టు కింద నులకమంచం మీద కూర్చుని మా అత్తయ్యకి ఆ నవల చదివి వినిపించేదాన్ని. మంచం కింద పిల్లలు. "హార్బరంటే ఏంటమ్మాయ్?" అని అడిగింది అత్తయ్య. ఓడలకి బస్టాండు లాంటిదని చెప్పాను. "అయితే అవీ టైముకి రావన్నమాట," అంది.

ఆ రోజు ఆపిన చోటు బాగా గుర్తుంది. హార్బర్ మెట్ల మీద ఒక గుమస్తా బూట్లు, జత చేసి పెట్టినట్టున్నాయి. మనిషి లేడు. గజఈతగాళ్ళు దిగి వెతుకుతున్నారు. పేజీలో వేలు పెట్టుకుని పిల్లల్ని అన్నానికి కేకేశాను. పలకలేదు. మంచం కిందా లేరు. వెతుక్కుంటూ కుంట దగ్గరికి వెళ్ళాను.

తర్వాత జరిగింది వరసగా చెప్పలేను. ఆ చెప్పులు మా పిల్లలవో ఆ గుమస్తావో ఒక్క క్షణం అర్థం కాలేదు. "గజఈతగాళ్ళని పిలవండి!" అని అరిచానట. తోటలో కాయలు కోసేవాళ్ళు తప్ప ఎవరుంటారు? నాకా ఈత రాదు. పుస్తకంతో సహా నడుం లోతు నీళ్ళలోకి దిగి, చేత్తో అడుగంతా దేవుతున్నాను. ఏదో మెత్తగా తగిలింది. పైకి లాగాను. పాత యూరియా సంచి.

అప్పుడు మోటారు షెడ్డు వెనక నుంచి చిన్నాడి నవ్వు. వాడి నోరు మూస్తూ పెద్దది బయటికొచ్చింది. "ఓడిపోయావమ్మా! ఆ గుమస్తా చచ్చిపోలేదుగా, ఉప్పు గోదాములో దాక్కున్నాడు!" నేనింకా చదవని చివరి పేజీలు అది దొంగతనంగా ముందే చదివేసింది. కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తోనే ఇద్దర్నీ దగ్గరికి లాక్కున్నాను. ఏడ్చానో నవ్వానో నాకు తెలియదు. అత్తయ్యనడిగితే "రెండూ చేశావు, మధ్యలో తిట్టావు కూడా," అంటుంది.

మర్నాడు పొద్దున ఇడ్లీలు పెడుతుంటే చిన్నాడు అడిగాడు, "ఎంతసేపు వెతికావమ్మా?" అత్తయ్య అందుకుంది: "ఎంతోసేపు లేదురా, పొయ్యి మీద పాలు పొంగేంతసేపు." అంతేనేమో. నాకు మాత్రం ఆ కాసేపు ఇప్పటికీ అయిపోలేదు. పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను: "నీళ్ళ దగ్గర చెప్పులు విడిచే ఆట ఇంకెప్పుడూ ఆడకండి. చివరి పేజీ మీకు ముందే తెలిస్తే నన్ను వెతకనివ్వకండి. చెప్పేయండి."