తొమ్మిదేళ్ల గ్యాప్ ఎందుకొచ్చింది?

పుంగనూరు చుట్టుపక్కల టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయేవాళ్లలో చాలామంది ముందు నా దగ్గరికే వస్తారు. నేనేదో పెద్ద పండితుణ్నని కాదు. పదహారేళ్లుగా ప్రైవేటు బడిలో సోషల్ చెబుతున్నాను. ఈ పదహారేళ్లలో పదకొండు ఇంటర్వ్యూలకు పోయి, తొమ్మిదింటి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని, వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ రాసుకునేవాణ్ని. ఇంటికొచ్చి, ఏం చెప్పుంటే బాగుండేదో తీరిగ్గా ఆలోచించి జవాబులు రాసేవాణ్ని. అట్లా ఒక లావు నోటుబుక్కు తయారైంది. ఎవరో తీసుకుపోయి జెరాక్సు తీయించారు. వాళ్ల దగ్గర ఇంకెవరో తీయించుకున్నారు. ఊరంతా నా జవాబులు తిరుగుతున్నాయని తెలిసినప్పుడు పైకి కోప్పడ్డాను గానీ, లోపల మీసం మెలేసుకున్నాను.

పోయిన ఏడు ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం, నా భార్య ఆవుకు తౌడు కలుపుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"బావా, నేను మల్లా ఇంటర్వ్యూలకు పోదామనుకుంటాండాను. నన్ను తయారు చేస్తావా?"

ఆమె మా మేనమామ కూతురు. మదనపల్లెలో బీయెడ్ చదివింది, లెక్కలు. మాది చౌడేపల్లె దగ్గర పల్లె. మా అమ్మ తుంటి ఎముక విరిగి మూడేళ్లు మంచంలో ఉంటే, ఆమే అన్నీ చూసుకుంది. అమ్మ పోయింది. ఏడు ఆవుల్లో రెండు మిగిలాయి. పాప రెండో తరగతికి వచ్చింది. ఇప్పుడు కాస్త తీరిక చిక్కింది కాబట్టి అడిగింది. నేను సరేనన్నాను. అన్నాకే ఒక సంగతి గుర్తొచ్చింది. ఏ బడికి పోయినా ఆమెను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. బీయెడ్ అయ్యాక తొమ్మిదేళ్లు ఏం చేశారమ్మా, ఈ గ్యాప్ ఎందుకొచ్చింది?

దానికి అసలు జవాబు నా ఒక్కడికే తెలుసు. ఆమెకు కూడా తెలియదు.

మా పెళ్లయిన ఏడాది ఆమె మదనపల్లెలో ఒక పెద్ద బడికి ఇంటర్వ్యూకు పోయింది. అప్పట్లో ఆమెకు ఫోను లేదు, నా నంబరు ఇచ్చి వచ్చింది. నాలుగో రోజు మా స్టాఫ్ రూములో టీ తాగుతుంటే ఫోనొచ్చింది. "మీ మిసెస్ క్లాసు చాలా బాగా చెప్పారు సార్. సోమవారం వచ్చి చేరమనండి," అన్నారు. అదే బడి నన్ను రెండుసార్లు వెనక్కి పంపింది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో అప్పుడు ఆలోచించుకోలేదు. "ఆమెకు కుదరదండీ, ఇంట్లో ఇబ్బందులు," అని పెట్టేశాను. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. మా అమ్మ అప్పటికి నిక్షేపంగా ఉంది.

సాయంత్రం నేను చెప్పులు విడుస్తుండగానే ఆమె అడిగింది, "ఫోను వచ్చిందా బావా?" రాలేదన్నాను. మర్నాడూ అడిగింది. పది రోజులు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. పాప పుట్టింది, అమ్మ మంచాన పడింది, చెప్పే రోజు రానే లేదు. అది అసూయ అని నాకు నేను ఒప్పుకోవడానికే చాలా ఏళ్లు పట్టింది. అదేదో గొప్ప విషయమని ఇక్కడ రాయడం లేదు. సిగ్గుపడే రాస్తున్నాను.

సరే, నోటుబుక్కు ఆమె చేతికిచ్చాను. పొద్దున పాలు పితుకుతూ జవాబులు వల్లె వేసేది. డెమో క్లాసు కొట్టంలోనే. కొట్టం తలుపు మీద సుద్దముక్కతో లెక్కలు వేసేది. నేను బోర్లించిన బక్కెట్ మీద కూర్చుని, అల్లరి పిల్లోడిలా పక్కనున్న ఆవు తోక లాగేవాణ్ని. "లెయ్, లేసి నిలబడు. నేను ఇంతసేపు ఏం చెప్పినానో సెప్పు," అని నిజంగానే కసిరేది. నేను చెప్పలేకపోయేవాణ్ని. ఆమె మళ్లీ మొదటి నుంచి, విసుక్కోకుండా చెప్పేది. ఆ ఓపిక నాకు పదహారేళ్లలో ఒక్కరోజు కూడా రాలేదు.

మొదట మదనపల్లెలోనే వేరే బడికి పోయాం. బయట వరండాలో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. వాళ్లలో నలుగురు లేచి నాకు నమస్కారం పెట్టారు. నేనూ పెద్దమనిషిలా తల ఊపాను. నాకు అప్పుడే బుర్ర వెలగాల్సింది, వెలగలేదు. లోపలికి పోయిన మా ఆవిడ పావుగంటకే మొహం చిన్నబుచ్చుకుని బయటికొచ్చింది. బస్సెక్కి కూర్చున్నాకే చెప్పింది.

"టీచరంటే ఎవరు అని అడిగినారు బావా. టీచరు కొవ్వొత్తి లాంటిది, తాను కరిగిపోతా పిల్లలకు ఎలుగునిస్తాది అని చెప్పినా. వాళ్లు ఒకరి మొగం ఒకరు సూసుకోని నవ్వినారు. పొద్దుట్నుంచి నీది ఐదో కొవ్వొత్తి తల్లీ అన్నారు. ఇంగ నాకు నోట మాట రాలేదు."

అది నా నోటుబుక్కులో మొదటి పేజీ, మొదటి జవాబు. నాకు తల కొట్టేసినట్టయింది. నవ్వొచ్చే సంగతే, కానీ ఆమె కళ్లల్లో నీళ్లు చూశాక నవ్వు ఎక్కడిది?

"తప్పు నాది, ఆ దరిద్రపు నోటుబుక్కుది," అన్నాను.

"కాదులే బావా. నాకు రాదు. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. కుప్పం బడిది ఒకటి ఉండాది గదా, పిలిచినారు గదా అని పోతా. అది గూడా పోతే ఇంగ నన్ను ఎవరూ అడగద్దండి. రెండావులు ఉండాయి, సాకుకుంటా ఉంటా."

'అప్పుడూ రాలేదు' అనే మాట నాకు సూటిగా తగిలింది. అప్పుడు వచ్చిందే, అని నాలుక చివరిదాకా వచ్చింది. ఎదుటి సీటు కమ్మీ పట్టుకుని పుంగనూరు దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎంత పిరికివాణ్నో నాకు ఆ రోజు బాగా తెలిసింది.

కుప్పానికి పది రోజులు టైముంది. నోటుబుక్కు అటక మీదికి విసిరేశాను. ప్రశ్న నేను అడుగుతాను, జవాబు నీ నోటికి ఎట్లా వస్తే అట్లా చెప్పు అన్నాను.

"పిల్లోడు హోంవర్కు చేసుకోని రాకపోతే ఏం చేస్తావు?"

"యాల చేయలేదో అడుగుతా. ఇంట్లో ఆవు ఈనింది అంటే వదిలేస్తా."

"అట్లంటే ఉద్యోగం ఇయ్యరు."

"ఆవు ఈనతా ఉంటే హోంవర్కు యాడ చేస్తాడు? నువ్వు చేసినావా నీ చిన్నప్పుడు?"

నేను చేయలేదు. ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అట్లా రోజుకు నాలుగైదు ప్రశ్నలు పడేవి. ఆమె జవాబులు నా జవాబుల కంటే బాగుండేవి, పొట్టిగా ఉండేవి. ఒక్క ప్రశ్న దగ్గరే మాకు గొడవ. గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగితే 'కుటుంబ బాధ్యతలు' అని చెప్పి ఊరుకో అన్నాను.

"అది అబద్ధం గదా. అత్తను సూసుకునింది మూడేండ్లు. దానికి ముందర ఐదేండ్లు ఏం చేసినా?"

"అంత లోతుగా ఎవరూ అడగరు."

"అడిగితే?"

"అడగరంటే అడగరు! చెప్పింది చెప్పు, ఎక్కువ మాట్లాడొద్దు!" అని అరిచాను. ఆవు కూడా ఉలిక్కిపడి చెవులు నిక్కించింది. ఆమె నా వైపు వింతగా చూసింది. నాకు ముక్కు మీద కోపమని ఆమెకు తెలుసు, కానీ ఆ కోపం దేనికో అర్థం కాలేదు. ఇంక ఆ ప్రశ్న ఇద్దరం ఎత్తలేదు.

పాపను వాళ్ల అమ్మమ్మ దగ్గర వదిలి, తెల్లారే బస్సెక్కాం. పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి పదయింది. బడి ఊరి బయట, గ్రానైటు రాళ్లు కోసే ఫ్యాక్టరీ దాటాక ఉంది. అప్పుడే కొత్తగా కట్టినట్టు సున్నం వాసన వేస్తోంది. అక్కడ నాకు నమస్కారం పెట్టేవాళ్లు ఎవరూ లేరు, బతికిపోయాను అనుకున్నాను.

డెమో క్లాసుకు ఆరో తరగతి పిల్లలను కూర్చోబెట్టారు. భిన్నాలు చెప్పమన్నారు. నేను వరండాలో బెంచీ మీద ఉన్నాను, తలుపు తెరిచే ఉంది. ఈమె సగం గురించి అడుగుతుంటే సగంమంది పిల్లలు బిక్కమొహం వేసుకుని చూస్తున్నారు. ఇళ్లల్లో తమిళం మాట్లాడేవాళ్లు కొందరు, కన్నడం మాట్లాడేవాళ్లు కొందరు. ఆమె ఒక్క నిమిషం ఆగింది. అప్పుడు ఒక పాపను లేపి, "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు నాయనా?" అని అడిగింది. ఆ పాప 'అరై' అంది. వెనకనుంచి ఇంకొకడు 'అర్ధ' అన్నాడు. రెండూ బోర్డు మీద రాసి, పక్కన తెలుగులో 'అర' అని రాసింది. అక్కడినుంచి క్లాసు పరుగెత్తింది. పిల్లలు బెంచీల మీదినుంచి లేచి లేచి చెబుతున్నారు. ఇది నేను నేర్పింది కాదు. నాకు తోచేది కూడా కాదు.

తర్వాత ప్రిన్సిపాలు గదిలోకి పిలిచారు. ప్రిన్సిపాలు నెరిసిన జుట్టు పెద్దావిడ. నా బెంచీ ఆ గది కిటికీ కిందే ఉంది. లేచి దూరంగా పోవాల్సింది, పోలేదు. మొదట ఇంగ్లీషులో కాసేపు ఏవో అడిగారు, ఈమె తడుముకుంటూ చెప్పింది. తర్వాత ఆ పెద్దావిడే తెలుగులోకి దిగింది.

"ఇంత బాగా చెబుతావు కదమ్మా, తొమ్మిదేళ్లు ఇంట్లో ఎందుకు కూర్చున్నావు?"

కుటుంబ బాధ్యతలు అను తల్లీ, అని లోపల మొక్కుకున్నాను.

"మా అత్తకు బాగలేక మూడేండ్లు పోయింది మేడమ్. అది సాకు గాదులెండి. దానికి ముందే ఒక బడికి పోయినా. క్లాసు బాగానే చెప్పినా అనుకున్నా. పది రోజులు సూసినా, ఫోను రాలేదు. అంటే నేను బాగా చెప్పినా అనుకునింది నా భ్రమ. చదువు చెప్పడం నాకు రాదు అనుకోని, ఇంగ యాడికీ పోలేదు. దీనికి గూడా భయపడతానే వచ్చినా."

"ఆ బడివాళ్లకు కళ్లు లేవమ్మా," అంది పెద్దావిడ. "జూన్‌లో వచ్చి చేరు."

కళ్లు లేనిది ఎవరికో కిటికీ కింద కూర్చున్నవాడికి తెలుసు. ఆమె బయటికి పరుగులాంటి నడకతో వచ్చి, నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "వచ్చింది బావా! ఈ తూరి వచ్చింది!" బస్టాండు దాకా మాట్లాడుతూనే ఉంది. పాపను ఆ బడిలోనే చేర్పిద్దామని, ఉండడానికి గదులిస్తారని, ఆవులను మా తమ్ముడికి ఇచ్చేద్దామని. బస్టాండులో పలమనేరు బస్సు నిలబడి ఉంది, డ్రైవరు ఇంకా రాలేదు. ఇద్దరం సీట్లో కూర్చున్నాం. పని అయిపోయింది, ఇంక ఈ జన్మలో ఎవరూ నన్ను అడగబోరు. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ పక్కన ఆమె అట్లా నవ్వుతుంటే నాకు ఊరికే కూర్చోబుద్ధి కాలేదు.

చెప్పేశాను. స్టాఫ్ రూము, టీ, ఫోను, నేను అన్న మాట, నాకు పుట్టిన అసూయ, అన్నీ.

తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి చాలా మెల్లగా అడిగింది.

"అయితే ఆ పొద్దు నేను పాసయినానా బావా?"

"పాసయినావు."

"వాళ్లు ఏమన్నారో ఉన్నదున్నట్టు సెప్పు."

"మీ మిసెస్ క్లాసు చాలా బాగా చెప్పారు సార్, సోమవారం వచ్చి చేరమనండి అన్నారు."

"ఇంగొకసారి సెప్పు."

మళ్లీ చెప్పాను. ఆమె పెదాలు కదుపుతూ ఆ మాటలు లోపలే అనుకుంది. తర్వాత లేచి ముందుకు పోయి, ఆడవాళ్ల సీట్లో ఎవరో ముసలామె పక్కన కూర్చుంది. పలమనేరు వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

అక్కడ దిగి పుంగనూరు బస్సు కోసం నిలబడ్డప్పుడు, నా మొహం చూడకుండానే అంది, "పాపకు లెక్కలు నువ్వే చెప్పు బావా అని నీ దగ్గరికి తోలుతా ఉంటిని గదా, యాల అనుకున్నావు? నేను చెప్తే బిడ్డకు తప్పులు వస్తాయేమో అని భయపడి తోలితిని. నా బిడ్డకు నేను చెప్పుకోలేకపోతిని."

బస్టాండులో అందరూ చూస్తుండగా నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను ఊరుకోమనలేదు.