పెన్సిల్ మామ చెరిపేసిన ఆరు గదులు

ఆ రోజుల్లో అబద్ధం సత్తు రూపాయిలాంటిదని, ఒకసారి చెల్లితే మళ్ళీ మన చేతికి తిరిగి రాదని నమ్మేవాణ్ణి. మా అక్క పెళ్ళినాడు నేను ఒకటి చెల్లించాను. అది ఇప్పటికీ చలామణిలోనే ఉంది. అక్క అత్తవారింట్లో ఏ శుభకార్యం జరిగినా, "ఆ రోజు విడిది బావగారు లేకపోతే మన గతేమయ్యేదో" అని ఎవరో ఒకరు అంటారు. ఆ విడిది బావగారిని నేనే. వాళ్ళు అలా అన్నప్పుడల్లా నేను తల వంచుకునేవాణ్ణి, వాళ్ళు అది వినయం అనుకునేవారు. అసలు జరిగిందేమిటో ఐదేళ్ళు నోరు విప్పలేదు. విప్పిన తర్వాత కూడా మా బంధువుల్లో సగంమందికి పాత కథే రుచిగా ఉంది కాబట్టి, ఇక రాసి పెట్టడం తప్ప గత్యంతరం లేదు.

మేము నాంపల్లిలో, స్టేషన్ దగ్గరి గల్లీలో, రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు, పైగా చర్చి కార్యదర్శి. మెదక్ నుంచి బంధువులు, కూటాలకు వచ్చే ప్రసంగీకులు, క్వయర్ పోటీలకు వచ్చే పిల్లలు, అందరూ నాన్న భరోసా మీదే రైలు దిగేవారు. మా రెండు గదుల్లో పట్టని వాళ్ళందరికీ దిక్కు గడియారం లాడ్జి. గుమ్మం పైన ఒక పెద్ద గడియారం ఉండేది, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అందులో నాలుగుంపావే. లాడ్జి అసలు పేరేమిటో మా పేటలో ఎవరికీ తెలియదు. బోర్డు మీది అక్షరాలు నేను హైస్కూల్లో ఉన్నప్పుడే రాలిపోయాయి, మిగిలినవి కలిపి చదివితే ఏ భాషా అయ్యేది కాదు. రిక్షావాళ్ళకీ పోస్ట్‌మాన్‌కీ పోలీసులకీ కూడా అది గడియారం లాడ్జే.

దాని కౌంటర్‌లో కూర్చునే ఆయన పెన్సిల్ మామ. చెవి మీద పెన్సిల్, జేబులో రబ్బరు, ముందు మేజా బల్లంత రిజిస్టరు. ఎవరైనా నోటిమాటగానో ఫోన్లోనో గది అడిగితే, ఆ తారీఖు పేజీలో పేరు పెన్సిల్‌తో రాసేవాడు. మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాకే దాని మీద పెన్ను దిద్దేవాడు. పెన్సిల్‌తో ఒకసారి పేరు పడిందంటే, మంత్రిగారి మనుషులు వచ్చినా ఆ గది తలుపు తెరుచుకునేది కాదు. నాన్న ఆయన దగ్గర ఏనాడూ రసీదు అడగలేదు. "పెన్సిల్ పడ్డది" అని ఇంటికొచ్చి అమ్మతో చెప్పేవాడు, ఆ సంగతి అక్కడితో సరి.

నాకు మాత్రం ఆ పద్ధతి చూస్తే చిన్నతనంగా ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అబిడ్స్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికింది నాకు. (చేసే పని రేషన్ కార్డుల పేర్లు టైపు కొట్టడం. ఇంట్లో మాత్రం "సాఫ్ట్‌వేర్" అని చెప్పేవాణ్ణి.) హోటళ్ళ గదులు ఇంటర్నెట్‌లోనే తీసుకునే సైట్లు అప్పుడే వస్తున్నాయి. అక్క పెళ్ళి మే నెలలో కుదిరింది. పెళ్ళికొడుకుది గుంటూరు వైపు. పెళ్ళి అబిడ్స్ చర్చిలో, పొద్దున పదిన్నరకు. మగపెళ్ళివారు ఆ తెల్లవారే నాంపల్లిలో దిగుతారు, వాళ్ళకు విడిది చూడాలి. "పోయి పెన్సిల్ మామకు చెప్పిరా" అన్నాడు నాన్న. ఇంటి నుంచి లాడ్జికి ఐదు నిమిషాల నడక. అంత సులువైన పని చేస్తే నా చదువుకు అవమానం అనిపించి, మూడు సాయంత్రాలు కూర్చుని సైటులో హోటల్ వెతికాను.

దొరికింది. దాని పేరులో గ్రాండ్ ఉంది, రెసిడెన్సీ ఉంది, చాలదన్నట్టు ఇంటర్నేషనల్ కూడా ఉంది. హైదరాబాద్ దక్కన్ స్టేషన్‌కు, అంటే మా నాంపల్లి స్టేషన్‌కే, రెండు నిమిషాల దూరం అని రాశారు. ఫోటోలో ఈతకొలను, దాని పక్కన గొడుగు, గొడుగు కింద ఒక తెల్లదొర. ఎవరో జర్మనీ ఆయన "మరపురాని అనుభవం" అని ప్రశంస కూడా రాశాడు. (అది నిజమే కావచ్చని ఇప్పుడు తోస్తోంది.) ఆరు గదులు నొక్కాను. కన్ఫర్మ్ అని వచ్చింది. కలర్ ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, గుంటూరుకు ఫోన్ చేసి ఈతకొలను సంగతి ప్రత్యేకంగా చెప్పాను. స్టేషన్‌కు రెండు నిమిషాల దూరంలో, నేను పుట్టి పెరిగిన పేటలో, అంత పెద్ద హోటల్ ఎప్పుడు కట్టారు, నేనెందుకు చూడలేదు అన్న ప్రశ్న నాకు రాలేదు. నాన్న అడిగితే "విడిది ఖాయమైంది, స్టేషన్ పక్కనే" అన్నాను.

ఆ వారమే లాడ్జి ముందు నుంచి వెళ్తుంటే పెన్సిల్ మామ పిలిచాడు.

"ఏం అల్లుడా, అక్క పెండ్లి కార్డు ముట్టింది. ఆరు గదులు రాసి పెట్టిన. చాల్తయా?"

"వద్దు మామా. పెద్ద హోటల్ తీసుకున్నం. కంప్యూటర్ల బుక్ చేసిన."

"గట్లనా. ఎవరితోని మాట్లాడినవ్?"

"ఎవరితోని మాట్లాడే పనే లేదు. అదే దాని గొప్పతనం."

"మాట్లాడకుంటనే గదులిస్తరా. మంచిగుంది. జర పోయి చూసొచ్చినవా?"

"చూసేదేముంది మామా, ఫోటోలున్నయి."

ఆయన చెవి మీది పెన్సిల్ తీసి పక్కన పెట్టాడు. రిజిస్టరు తిప్పి, మా నాన్న పేరు ఉన్న వరుసలు ఒక్కొక్కటీ రబ్బరుతో చెరిపాడు. తొందర లేకుండా, కాగితం చిరగకుండా. రబ్బరు పొట్టు ఊదేసి, "పెద్ద హోటల్ అంటే పెద్ద హోటలే. పిల్ల పెండ్లి మంచిగ కావాలె" అన్నాడు. నేను బయటికొచ్చి, పాపం ముసలాయన, కాలం మారిందని తెలుసుకోలేదు అని జాలిపడ్డాను.

పెళ్ళినాడు తెల్లవారి బండి దిగినవాళ్ళు ఇరవైమంది. ముందు పెళ్ళికొడుకు పెదనాన్నగారు, వెనక సూటు కవరు నలగకుండా రెండు చేతులా పట్టుకున్న పెళ్ళికొడుకు, ఆ వెనక గాలి ఊదిన రబ్బరు ట్యూబులు నడుముకు తగిలించుకున్న ఇద్దరు పిల్లలు. (ఈతకొలను నా వల్లే.) ప్లాస్టిక్ కవరు జెండాలా పట్టుకుని ముందు నడిచాను. రెండు నిమిషాలు నడిచాం, తర్వాత ఇంకో పది నిమిషాలు నడిచాం, గ్రాండూ కనిపించలేదు, ఇంటర్నేషనలూ కనిపించలేదు. చివరికి ఒక ఆటో అతనికి కాగితం చూపించాను. అతను ఇంటి నంబరు చదివి, నా ముఖం చూసి, "నీది ఈ గల్లీనే కదా అన్నా. గిది మన గడియారం లాడ్జి" అన్నాడు.

తర్వాత తెలిసింది. లాడ్జి సేటు చిన్నకొడుకు పూణేలో చదువుతూ, సెలవుల్లో ఉబుసుపోక లాడ్జిని సైటులో పెట్టాడట. పేరు పాత లైసెన్సులోది, ఫోటోలు ఎక్కడివో దేవుడికే తెలియాలి. బుకింగులన్నీ వెళ్ళే ఈమెయిలు అతనిది, దాని పాస్‌వర్డు అతనే మరచిపోయాడు.

కౌంటర్ దగ్గర పెన్సిల్ మామ లేచి నిలబడ్డాడు. ఒక్క గదీ ఖాళీ లేదు. మా ఆరు గదులూ ఆ రోజు ఏదో ఉద్యోగ పరీక్ష రాయడానికి జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్ళకు ఇచ్చేశాడు. సైటు వాళ్ళకు ఫోన్ చేస్తే, నా కాల్ వాళ్ళకెంతో ముఖ్యమైనదని చెప్పి సంగీతం వినిపించారు. పిల్లలు అప్పటికే ఈతకొలను వెతుక్కుంటూ వెళ్ళి, పెరట్లో నీళ్ళ సంపు మూత ఎత్తి చూసి వచ్చారు.

పెదనాన్నగారు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఇంతదూరం పిలిచి విడిది కూడా చూపించలేకపోయారంటే, మా మీద మీకున్న మర్యాద తెలుస్తూనే ఉందయ్యా. సికింద్రాబాదులో మావాళ్ళున్నారు, అక్కడికి పోతాం. పెళ్ళి సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాడు. పెళ్ళికొడుకు సూటు వైపు చూసుకుంటున్నాడు. అక్కడ ఇంట్లో అక్కకు పూలు పెడుతుంటారు. అప్పుడు నా నోరు నన్ను అడగకుండానే పనిచేసింది.

"ఏంది మామా, ఆరు గదులు కన్ఫర్మ్ అని కాయితం నా చేతిల ఉంది. బుక్ చేసిన గదులు వేరేటోళ్ళకు ఎట్లిస్తరు?"

పెన్సిల్ మామ కాగితం తీసుకుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ముందు రిజిస్టరు తెరిచే ఉంది. చెరిపిన చోట కాగితం పలచబడి, నాన్న పేరు ఇంకా లీలగా కనిపిస్తూనే ఉంది. ఆయన ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఔ సార్, గల్తీ నాదే. రాసుకున్న, మల్ల మర్సిపోయి వేరేటోళ్ళకిచ్చిన. వయసైంది. పిల్లగాణ్ణి ఏమనకున్రి. జర గంట టైమియ్యిన్రి, మీరు ఫికర్ చెయ్యొద్దు."

గంట కూడా పట్టలేదు. పరీక్షకు బయలుదేరుతున్న కుర్రాళ్ళ గదులకు వెళ్ళి, బతిమాలి, సాయంత్రం వరకు తాళాలు అడిగి తెచ్చాడు. ఆడవాళ్ళను లాడ్జి వెనక గల్లీలో తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య వేడినీళ్ళు కాచి, ఇరవైమందికీ ఉప్మా చేసింది. పెళ్ళికొడుకు సూటును ఆమే ఇస్త్రీ చేసింది. పదింపావుకల్లా అందరూ చర్చి మెట్ల మీద ఉన్నారు. పెదనాన్నగారు నాన్న భుజం తట్టి, "మీ లాడ్జీ ఆయన ముంచాడు గానీ, మీ అబ్బాయి నిలబడి అంతా సర్దాడండీ. సమర్థుడు" అన్నాడు. అలా పుట్టాడు విడిది బావగారు.

మరునాడు నాన్న లాడ్జికి వెళ్ళి, "నీ పెన్సిల్ మీద నమ్మకం పెట్టుకున్న" అని ఒక్క ముక్క అని వచ్చేశాడు. ఆ తర్వాత అటు వైపు ఫుట్‌పాత్ కూడా తొక్కలేదు. చర్చివాళ్ళు మానేశారు, మెదక్‌వాళ్ళు మానేశారు. సంగతి సేటు చెవిన పడింది. మతిమరుపు మనిషికి కౌంటర్ ఎందుకని, అక్కడ కంప్యూటర్ పెట్టి, పెన్సిల్ మామను పై అంతస్తులో దుప్పట్ల గదికి పంపాడు. నేను ఆఫీసుకు కోఠి వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను. అడిగినవాళ్ళకు నడక ఆరోగ్యానికి మంచిదని చెప్పేవాణ్ణి.

ఐదేళ్ళకు అక్క కొడుకు బాప్తిస్మానికి గుంటూరువాళ్ళు మళ్ళీ రావాల్సి వచ్చింది. ముందుగా మాట్లాడటానికి వచ్చిన పెదనాన్నగారు, భోజనాల దగ్గర పప్పు కలుపుకుంటూ, "ఈసారి కూడా విడిది నువ్వే చూడు బాబూ. ఆ మతిమరుపాయన దగ్గర మాత్రం వద్దు" అన్నాడు. నాన్న కూడా తలూపాడు. ఆ తల ఊపడం చూశాక ఇక దాచలేకపోయాను. చెప్పేశాను. గదులు వద్దన్నది నేనని, పెన్సిల్ మామ నా కళ్ళముందే చెరిపాడని, కాయితం చూపించి తప్పు ఆయన మీదకు నెట్టానని. వడ్డిస్తున్న అక్క చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. పెదనాన్నగారు చాలాసేపు పప్పే కలిపాడు. నాన్న చెయ్యి కడుక్కుని చెప్పులు వేసుకున్నాడు. "నడువు" అన్నాడు.

లాడ్జిలో కరెంటు పోయింది. కౌంటర్‌లో కొత్తతను నల్లటి తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాన్న మెట్ల దగ్గర నిలబడి పిలిస్తే పెన్సిల్ మామ దిగి వచ్చాడు. చేతిలో దిండు గలీబులు, చెవి మీద మాత్రం పెన్సిల్ అలాగే ఉంది. నాన్నను చూసి గలీబులు బల్ల మీద పెట్టాడు.

"గల్తీ నాది మామా" అన్నాను. ఐదేళ్ళుగా తయారు చేసుకున్న మిగతా వాక్యాలేవీ రాలేదు.

"తెల్సు కదరా. నేను గాడనే ఉన్న కదా."

"మరి మీదని ఎందుకన్నరు?"

"తమ్ముడు అబద్ధమాడిండంటే అత్తగారింట్ల మీ అక్క ఎట్ల తలెత్తుతది. నాదంటే ఈ లాడ్జితోని పోతది అనుకున్న." గలీబులు సర్దుతూ, "గట్ల పోలేదు, అది వేరే ముచ్చట" అన్నాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. పెన్సిల్ మామకే ఇబ్బందిగా తోచినట్టుంది, "ఏం అల్లుడా, పెద్ద హోటల్ల ఈత మంచిగ కొట్టిన్రా?" అని నా వైపు తిరిగాడు.

బాప్తిస్మానికి నాలుగు గదులు కావాలని నాన్న అడిగాడు. కరెంటు లేదు కాబట్టి కొత్తతను అల్మారా కింది నుంచి పాత రిజిస్టరు తీసి దుమ్ము దులిపాడు. పెన్సిల్ మామ కుర్చీలో కూర్చుని నాన్న పేరు నాలుగు వరుసల్లో రాశాడు. తర్వాత రిజిస్టరు నా వైపు తిప్పమని నేనే అడిగాను. మేం వెళ్ళిన ఆ రోజు తారీఖు కింద నా పేరు, మా గల్లీ పేరు రాసి, 'వచ్చిన పని' అన్న గడిలో 'క్షమాపణ అడగడానికి' అని రాశాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. అలవాటుగా జేబులోకి, రబ్బరు కోసం చెయ్యి పోనిచ్చి ఆగిపోయాడు.

"పెన్నుతోని రాసినవేందిరా. ఇగ చెరపరాదు."

"తెలిసే రాసిన మామా."