ఎర గుచ్చిన చెయ్యే చేపను లాగాలి

గుండెకు స్టెంటు వేయించుకుని పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో రెండు నెలలు విశ్రాంతి తీసుకున్న మా చెల్లెలి భర్త యోహాను, ఎదురుమొండి దీవికి తిరిగి వెళ్లిన వారానికే గాలం వేయడానికి సిద్ధమయ్యాడు. బరువు లాగవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. “అక్కా, నా మాట వింటలేడు. నువ్వన్న వచ్చి పడవల కూసో. నీ ముందర మొండికెయ్యడు” అని మా చెల్లెలు మేరీ ఫోనులో ఏడ్చింది. నా ప్రయాణానికి కారణం అదే.

వెళ్లాలనుకునేవారికి దారి సులువే. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి విజయవాడ. అక్కడినుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంకకు బస్సులో మూడు గంటలు పట్టింది. షేర్ ఆటోలో ఏటిమొగ రేవుకు వెళ్లి ఏరు దాటించే పంటు ఎక్కాలి. టికెట్టు టీ ఖర్చును మించదు. మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, మనుషులు అందరం కలిసే ఏరు దాటాము. సాయంత్రం ఆఖరి పంటు ఎప్పుడని నడిపేవాణ్ణి అడిగాను. “ఆరింటికండీ. ఆటుకు నీళ్లు తీసేస్తే మాత్రం నేనూ ఒడ్డునే పడుకుంటా” అని నవ్వాడు.

మర్నాడు ప్రార్థన చేసుకుని ముగ్గురం మడ అడవి మధ్య పాయలోకి వెళ్లాము. మేరీ తెడ్డు వేసింది. నా ముందు ప్లాస్టిక్ డబ్బాలో వేలెడంత కత్తిపరిగ చేపపిల్లలు ఈదుతున్నాయి. పండుగప్ప చేపకు అవే ఎర. చెంబుతో పాత నీరు తోడి పాయ నీరు పోస్తూ వాటిని బతికించడం నా పని.

“చెంబు ఆపమాకండి వదినా. ఎర చచ్చిందంటే పండుగప్ప దాని వంక కూడా చూడదు.”

“జెర చెయ్యి గుంజుతుందయ్యా.”

“సికింద్రాబాదులో బిందెలెత్తటం మర్చిపోయినట్టున్నారు!”

అతను ఒక చేపపిల్లను తీసి, ఈదగలిగేలా వీపు రెక్క కింద గాలం గుచ్చి వదిలాడు. చూడలేక నేను డబ్బా వైపు తల తిప్పుకున్నాను. ఎర గుచ్చిన చెయ్యే చేపను లాగాలనీ, చెయ్యి మారితే ఆ రోజు పాయ ఏమీ ఇవ్వదనీ అక్కడివారి నమ్మకం. పెళ్లయినప్పటినుంచీ వాళ్ల పడవలో ఎర గుచ్చేది యోహానే.

కాసేపటికి తాడు బిగిసింది. అతను లేచి నిలబడి లాగసాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. మేరీ తెడ్డు వదిలేసింది. “ఇడువు! నీ కాళ్లు మొక్కుతా, ఇడువు!” నేను కళ్లు మూసుకుని ప్రభువును పిలిచాను. తెరిచేసరికి అతని ముఖమంతా చెమట. భార్య వైపు ఒకసారి చూశాడు. గుప్పిలి విప్పాడు. కొస పడవకు కట్టి ఉన్న ఆ తాడు టపీమని తెగింది.

నేను మళ్లీ చెంబు అందుకున్నాను.

కొత్త గాలం కట్టాక అతను డబ్బాలోంచి చేపపిల్లను తీశాడు. తను గుచ్చలేదు. దాన్ని మేరీ అరచేతిలో పెట్టాడు.

“వెన్నుముల్లుకు తగలకుండా గుచ్చు.”

“నేనా?”

“లాగేది నువ్వే కదా. తెడ్డు వదిన ఏత్తారు.”

“అక్కనా? పొద్దుగూకేదాంక గుండ్రంగ తిప్పుతది మనల్ని!”

ఏడుస్తూనే నవ్వింది. మధ్యాహ్నానికి రెండు కిలోల పండుగప్ప పడింది. మేరీ లాగుతుంటే యోహాను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని “వదులు, ఇప్పుడు లాగు” అంటూ అరుస్తూనే ఉన్నాడు.

అతను పడవ ఎక్కకుండా చూడమని దారంతా ప్రార్థించాను. పడవ ఎక్కీ చేతులు కట్టుకుని కూర్చోగలడని నాకు తోచనే లేదు. నేను అడిగినదాని కంటే దేవుడు ఇచ్చిందే మేలు. తిరుగు రైలులో ఫోను పక్కన పడేసి, చాలా రోజుల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

ఒక్క సూచన: గాలం పడవలో ఎరను బతికించమని మీ చేతికి చెంబిస్తే, జాలిపడి మీ సీసాలోని మంచినీళ్లు పోయకండి. ఆ చేపపిల్లలు ఎంత ఆయాసపడుతున్నా, ఆ ఉప్పటి పాయ నీరే వాటికి ఊపిరి.