అత్త కోరిన దక్షిణపు గాలి

“ఏటి వదినా, గాలి తిరిగేదాకా అమ్మ అస్థికల కుండని ఈ జామచెట్టుకి అలా ఏలాడదీసి ఉంచేత్తావేటి?” అన్నాడు మరిది.

“ఉంచుతాను. శివరాత్రి వెళ్లాక దక్షిణపు గాలి పడుతుంది. అప్పుడే మనూరు తీసికెళ్లి సముద్రంలో కలుపుదాం. మీయమ్మ అడిగిందదే.”

“అమ్మకేటి, అడుగుద్ది! అందాకా నేను కొత్తింట్లో పాలు పొంగించుకోవద్దా?”

నిన్న మనవరాలు వరండాలో కూర్చుని, తీరం పక్క నీటిని నడిపించేది గాలేనని పాఠం గట్టిగా చదువుతుంటే ఆ కార్తీకమాసపు తగువు మళ్లీ చెవిలో పడింది. తొంభైల్లో మాట, ఇదే భిలాయిలో, మా క్వార్టరు పెరట్లో. రెండో తరగతితో బడి మానేసిన నాకు ఆ పాఠం మా అత్త ఎప్పుడో చెప్పింది, బియ్యం చెరుగుతూ. ఎండలు ముదిరే వేళ గాలి దక్షిణం నుంచి ఒడ్డు వెంబడే తోలుతుందట, నీరూ దాని వెంట ఉత్తరానికి పారుతుందట. పై నీరు లోపలికి జరిగిపోయి అడుగు నీరు పైకొస్తుంది గనక అంత ఎండలోనూ ఒడ్డున కాళ్లు జిల్లుమంటాయట. దసరా దాటాక గాలి తిరగబడితే నీరూ దక్షిణానికి మళ్లుతుందట. మామగారు అలాంటి దక్షిణపు గాలిలో వేటకెళ్లి మరి రాలేదు. తెప్ప మాత్రం ఉత్తరాన ఒడిశా ఒడ్డున దొరికింది.

కొడుకుల ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగాల వెంట భిలాయి వచ్చాక అత్త సముద్రం చూడలేదు. ఇక్కడ గాలి లేస్తే ఆరేసిన బట్టల మీద ఎర్రధూళి తప్ప ఏం పడుతుంది? అయినా పెరట్లో నిలబడి తడివేలు పైకెత్తి గాలి చూసేది. మేం నవ్వేవాళ్లం. “నన్ను దక్షిణపు గాలిలో కలపండర్రా, ఆయన ఎల్లిన దారినే ఎల్తాను” అనేది. కొత్త చీర కూడా నోరు తెరిచి అడగని మనిషి అడిగింది అదొక్కటే. పోవడమేమో ఉత్తరపు గాలిలో పోయింది.

“కుమ్హారి దగ్గర నదిలో కలిపేద్దాం వదినా. ఆ నీళ్లూ మహానదిలో పడి సముద్రానికే ఎల్తాయి.”

“మధ్యలో ఆనకట్ట ఉంది. మీయమ్మని ఆ గోడ దగ్గర ఆగిపొమ్మంటావా?”

“బస్ కరో వదినా, ఇంక సాలు! ఏటి అన్నయ్యా, నువ్వేనా సెప్పవేటి?”

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆయన కన్నతల్లి సంగతే అది. గాలికి ఏటా తిరిగొచ్చే వేళ ఉంటుంది గానీ, పోయినవాళ్ల మాటకి నెల తిరక్కుండానే గడువు తీరిపోతుంది.

తెల్లారి పెరట్లోకి వెళ్తే జామకొమ్మకి తాడొక్కటే వేలాడుతోంది. మరిది తడిపంచెతో స్కూటరు దిగాడు. “కుమ్హారి వంతెన కింద కలిపీసేను” అని టీ అడిగాడు. ఇచ్చాను. తాగి డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను తాడు విప్పి, దులిపి, చుట్టచుట్టి మేకుకి తగిలించాను.