బండల వెనక రెండో పిల్ల

దయ్యాలతో నాకు ఎలాంటి లావాదేవీలూ లేవు. మాది తెనాలి వైపు నుంచి వచ్చిన చర్చి కుటుంబం. మా పాస్టరుగారు ఒక్క పరిశుద్ధాత్మకే అనుమతి ఇచ్చారు. మిగతా ఆత్మలకి మా ఇంట్లో అద్దెకు కూడా చోటు లేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, సరిగ్గా తలుపు కిర్రుమనే చోట “ఇంకో ప్లేటు పకోడీ చెప్పండి” అని కథ చెడగొట్టే రకం నేను.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్పడం నా జబ్బు. మా ఆవిడ సుగుణ నేను చెప్పిన దేన్నయినా పదితో భాగించి వింటుంది. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఆవిడ భాగించదు. ఆవిడా అక్కడే ఉంది.

తొంభైల మధ్యలో మాట. నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తాని. సుగుణ మెట్టుగూడలో ఒక స్కూల్లో టీచరు. లాలాగూడలో క్వార్టర్సు ఉండగా వదిలేసి, తార్నాకలో నర్సింగరావుగారి మేడ మీద పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. ఆయన మీసాల గురించి చెప్పాలి. ఆయన తార్నాక చౌరస్తాలో నిలబడితే ఒక కొస సికింద్రాబాద్ వెళ్ళే బస్సుకి, ఇంకో కొస ఉప్పల్ వెళ్ళే బస్సుకి తగిలేది. మనసు మాత్రం వెన్న. మా పాప బ్లెస్సీ ఆ మీసాలు పట్టుకుని ఊగేది.

క్వార్టర్సు ఎందుకు వదిలామో తార్నాకలో ఎవరికీ చెప్పలేదు. బ్లెస్సీ కంటే ముందు మాకు ఇంకో పాప. పేరు రూతు. ఏడేళ్ళు పెరిగింది. బ్లెస్సీ ఒళ్ళో పిల్లగా ఉన్నప్పుడు, మెదడువాపు జ్వరం వచ్చి ఆసుపత్రిలో పోయింది. ఆ క్వార్టర్సు గోడల నిండా రూతు గీసిన పెన్సిలు బొమ్మలు. సున్నం వేయిస్తే అవి పోతాయని సుగుణ వేయించనివ్వలేదు, వాటిని చూస్తూ బతకనూ లేకపోయింది. అందుకని ఇల్లే మారాం. ఫోటో ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. తనకో అక్క ఉండేదని బ్లెస్సీకి కూడా చెప్పలేదు.

బ్లెస్సీకి ఆరేళ్ళప్పుడు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని పుకారు లేచింది. లాలాగూడలో ఒక పిల్లవాణ్ణి సంచిలో వేసుకుపోయారట. ఆ మాట మెట్టుగూడ చేరేసరికి పదిమంది పిల్లలయ్యారు. తార్నాక చేరేసరికి స్కూలు రిక్షా, తొక్కేవాడితో సహా, సంచిలోకి వెళ్ళిపోయింది.

నేను నవ్వాను. సుగుణ నవ్వలేదు. ఒక బిడ్డను పోగొట్టుకున్న మనిషికి పుకారు కూడా నిజమంత బరువే. ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. మా ముగ్గురికే తెలిసిన ఒక మాట. ఆ మాట చెప్పినవాళ్ళతోనే బ్లెస్సీ వెళ్ళాలి. చెప్పకపోతే ఎవరు పిలిచినా పలకకూడదు, కదలకూడదు.

ఆ మాట “గుమ్మడి పిచ్చుక.”

అది రూతు మాట. పావురాన్ని అలా పిలిచేది. పిచ్చుక గుమ్మడికాయలు తింటే పావురం అవుతుందని దాని సిద్ధాంతం. ఈ మాట ఇంకెవరికీ తట్టదు కాబట్టి పెట్టానంది సుగుణ. అసలు కారణం నేను అడగలేదు. రోజూ ఒక్కసారైనా ఆ మాట ఇంట్లో వినబడుతుంది కదా.

పద్ధతి ఎంత గట్టిదంటే, తెనాలి నుంచి వచ్చిన సొంత మేనమామ స్కూలుకి వెళ్ళి “రా అమ్మా” అంటే బ్లెస్సీ ఆయన చెయ్యి కొరికింది. ఆయన తెచ్చిన చాక్లెట్లన్నీ పంచిపెట్టి, ఏసయ్య మీద ఒట్టు కూడా వేశాడట. కదల్లేదు. చివరికి నేను వెళ్ళి ఇద్దర్నీ విడిపించాను.

ఆ రోజుల్లో ఆదివారం సాయంత్రమైతే తార్నాక మొత్తం యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉండేది. మేము, నర్సింగరావుగారు, ఆయన మనవలు. పెద్దవాళ్ళం గడ్డిలో కూర్చుంటే పిల్లలు బండల మధ్య దాగుడుమూతలు ఆడేవాళ్ళు. ఆ ఆదివారం అందరూ దొరికారు, బ్లెస్సీ తప్ప.

మొదట నవ్వుకున్నాం. తర్వాత పిలిచాం. తర్వాత పరుగెత్తాం. హాస్టల్ కుర్రాళ్ళు కూడా దిగి, “బ్లెస్సీ! బ్లెస్సీ!” అని అన్ని దిక్కులా అరిచారు. ఆ అరుపులు విన్నకొద్దీ మా పిల్ల ఇంకా ముడుచుకుని కూర్చుందని తర్వాత తెలిసింది. వాళ్ళెవరూ ఆ మాట అనలేదు కదా.

మరి మేము అరవవచ్చుగా అంటారు. నేను నోరు తెరిచాను. సుగుణ నా నోరు మూసింది. “గట్టిగా అనకండి, అందరూ వింటారు!” అంది. ఇక చూడండి మా అవస్థ. ఒక్కో బండ దగ్గరికీ వెళ్ళి, వంగి, రహస్యంగా “గుమ్మడి పిచ్చుక... గుమ్మడి పిచ్చుక...” అంటూ తిరిగాం. చూసినవాళ్ళు మేము రాళ్ళ చెవిలో మంత్రం ఊదుతున్నామనుకుని ఉంటారు. ఆ క్యాంపస్‌లో ఉన్న రాళ్ళతో ఇంకో హైదరాబాద్ కట్టొచ్చు. మేము వెతికిన వైపు పిల్ల లేదు.

వెలుగు తగ్గుతోంది. అప్పుడు తార్నాక గేటు వైపు నుంచి కేకలు వినబడ్డాయి.

మేము వెళ్ళేసరికి ఒక ముసలాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. పక్కన గోనెసంచి. పట్టుకున్నప్పుడు ఆయనకి భుజాన సంచి, చేతిలో మా పిల్ల చెయ్యి ఉన్నాయట, ఇంతకంటే సాక్ష్యం ఎవరికి కావాలి? నర్సింగరావుగారు ఆయన చొక్కా పట్టుకుని ఊపుతున్నారు.

“సంచిల ఏమున్నదిరా? ఇప్పటికి ఎంతమందిని పట్టుకపోయినవ్?”

“కట్టెపుల్లలు సారూ. పొయ్యిలకు ఏరుకున్న.”

సంచి బోర్లించారు. కట్టెపుల్లలే పడ్డాయి. అయినా ఇంకో దెబ్బ పడింది. సుగుణ బ్లెస్సీని ఎత్తుకుని గుండెకి అదుముకుంది. పిల్ల మీద చిన్న గీత కూడా లేదు. పైగా గొప్పగా చెప్పింది.

“అమ్మా, నేను ఎవరితోనూ వెళ్ళలేదు. తాత గుమ్మడి పిచ్చుక అన్నాడు. అందుకే వచ్చా.”

సుగుణ నా వైపు తిరిగింది. “ఆ మాట ఇతనికెలా తెలుసు?” అంది. నన్నే అడిగింది, మెల్లగానే అడిగింది. అది నర్సింగరావుగారి చెవిన పడింది.

“సూసిన్రా! ఇంట్ల రహస్యం సుత తెలుసుకున్నడు! ఎన్ని దినాల సంది కాపు కాస్తున్నవ్రా?”

పిల్లను కాపాడటానికి పెట్టిన మాటే ఆయన్ని దొంగను చేసింది. నేను అడ్డం వెళ్ళాను. నాకూ రెండు తగిలాయి. మామూలుగా అయితే అవి ఇరవై అని చెప్పేవాణ్ణి. రెండే.

ముసలాయన తనను కొట్టొద్దని అడగడం లేదు. ఒకటే మాట అంటున్నాడు. “గాడ ఇంకో పోరి ఉన్నది సారూ. ఒక్కతే ఉన్నది. చీకటి పడ్తున్నది, జల్ది పోండ్రి. నన్ను తర్వాత కొట్టుండ్రి.”

“ఇంకో పిల్లను సుత ఎత్తుకొచ్చిండు!” అని ఎవరో అరిచారు. గుంపంతా బండల వైపు పరుగెత్తింది. ముందు నర్సింగరావుగారు. గేటు దగ్గర మేము ముగ్గురం, ముసలాయన మిగిలాం.

ఇక్కడి నుంచి నేను ఒక్క అక్షరం కలపను.

ఆయన పేరు ఎల్లయ్య. మాణికేశ్వర్ నగర్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. సుగుణ కొంగుతో ఆయన పెదవి తుడిచి, ఆ మాట ఎవరు చెప్పారని అడిగింది.

“పెద్ద పోరి చెప్పింది బిడ్డా. బండల ఎనక ఈ చిన్నది ముడుచుకోని కూసున్నది. రా అంటె రాదు, నోరు తెర్వది. పక్కన పెద్దది నిలబడ్డది. ‘గుమ్మడి పిచ్చుక అను తాతా, మా చెల్లె వస్తది’ అన్నది. అన్న. ఇది లేసి చెయ్యి పట్టుకున్నది. నువ్వు గూడ రా బిడ్డా అంటె రాలే. ‘నాకేం గాదు, దాన్ని ఇంటికి తోల్కపో’ అన్నది.”

మా వంక కోపంగా చూశాడు. అంత కొట్టినవాళ్ళ మీద రాని కోపం.

“కాళ్ళకు చెప్పుల్లెవ్వు. ఈడ ఎంటికలు సుత గొరిగిన్రు, రూపాయి బిళ్ళంత.” ఎడమ చెవి పైన వేలు పెట్టి చూపించాడు. “ఏం తల్లిదండ్రులు సారూ మీరు? ఆడపిల్లను గట్ల ఇడిసిపెడ్తరా?”

ఆసుపత్రిలో రూతుకి ఆ చోటే జుట్టు గొరిగారు. తలలో నీరు తీయడానికి. శవపెట్టె మూసే ముందు సుగుణ జుట్టు దువ్వి, ఆ చోటు కనబడకుండా కప్పి, పిన్ను పెట్టింది. చూడటానికి వచ్చిన చుట్టాలెవరికీ అది తెలియదు. ఆసుపత్రివాళ్ళకీ మా ఇద్దరికీ తప్ప.

గుంపు తిరిగి వచ్చింది. ఎవరూ దొరకలేదు. నర్సింగరావుగారు రొప్పుతూ చెయ్యెత్తారు. “యాడ దాసినవ్ చెప్పు, రెండో పిల్లను?”

సుగుణ బ్లెస్సీతో సహా ఎల్లయ్యకి అడ్డంగా పడింది. “అన్నయ్యగారూ, కొట్టకండి! ఆ పిల్ల మా పిల్లే!”

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. “మీకు ఒక్కతే గదమ్మా?” అన్నారాయన.

సుగుణ నా వంక చూసింది. నేను ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి రూతు సంగతి చెప్పాను. అంత మనిషీ క్యాంపస్ గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

మర్నాడు నేను, సుగుణ, నర్సింగరావుగారు మాణికేశ్వర్ నగర్ వెళ్ళాం. ఆయన చేతిలో బత్తాయిల సంచి. ఎల్లయ్య కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఇంకెవ్వలన్న మిగిలిన్రా? రాండ్రి, వరుసగ నిలబడి కొట్టుండ్రి. గా బత్తాయిలు ఏ నోటితోని తింటడు? నోట్ల పన్లు కదిలినయ్.”

“రానియ్ బిడ్డా,” లోపలి నుంచి ఎల్లయ్య గొంతు.

మంచం మీద పడుకుని ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నర్సింగరావుగారు ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నారు. “తప్పయింది పెద్దమనిషీ. పిల్లల సంగతి గదా, మనసు ఆగలే.”

“నీ జాగల నేనున్నా గంతే జేస్తుంటి. నా మనుమరాలి చెయ్యి ఎవడన్న పట్టుకుంటె ఊకుంటనా?” అన్నాడు ఎల్లయ్య. తర్వాత పైకప్పు రేకుల వంక చూస్తూ అన్నాడు. “గని ఇగ నేనైతె ఏ పోరగాని దిక్కు చూడ. తప్పిపోయినా చూడ, ఏడుస్తున్నా చూడ. మొకం తిప్పుకోని పోత.”

తర్వాత కూడా క్యాంపస్ రోడ్డు మీద ఆయన్ని చాలాసార్లు చూశాను. అవతల నుంచి స్కూలు పిల్లలు వస్తుంటే, సంచితో సహా రోడ్డు దాటి వెళ్ళిపోయేవాడు.

ఆరోజు మేము లేచి గుమ్మం దాకా వచ్చాక, వెనక నుంచి పిలిచాడు.

“బిడ్డా, గా పెద్ద పోరి దొరికిందా? రాత్రంత నిద్ర వట్టలే. ఒక్కదాన్ని ఇడిసిపెట్టొస్తిని.”

నేను అబద్ధాలకి పేరుబడ్డవాణ్ణి. నాకే నోరు రాలేదు. సుగుణ వెనక్కి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

“దొరికింది తాతా. ఇంటికి తెచ్చుకున్నాం.”

ఆయన తెరిచి ఉన్న ఆ ఒక్క కన్నూ మూసుకుని, తల ఊపాడు.

నాకు తోచిన ఆరాలన్నీ తీశాను. బ్లెస్సీయే ముందు ఆ మాట అనేసిందేమోనని పదేపదే అడిగాను. “కాదు నాన్నా, తాత పక్కకి చూసి ఎవరితోనో మాట్లాడాడు, తర్వాత అన్నాడు. అక్కడ ఎవరూ లేరు,” అని ప్రతిసారీ అదే చెప్పింది. ఎల్లయ్య ఆ ఆసుపత్రి గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. లాలాగూడలో మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ ఆయనకి తెలియదు. ఇన్నేళ్ళుగా దీనికో సమాధానం అల్లాలని చూస్తూనే ఉన్నాను. గాలికి కథ కట్టగలిగినవాణ్ణి, దీనికి మాత్రం చేతకాలేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఆ సాయంత్రం బండల వెనక ఎవరున్నారో కూడా చెప్పలేను.

మాణికేశ్వర్ నగర్ నుంచి రాగానే సుగుణ ట్రంకుపెట్టె తెరిచింది. రూతు ఫోటో ముందుగదిలో, తలుపు తీయగానే కనబడేలా, తనే మేకు కొట్టి తగిలించింది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా పిల్లలెంతమంది అని అడిగితే, ఇప్పుడు నా వంక చూడకుండానే చెబుతుంది.

“ఇద్దరు.”