మా గొంతులో గరగర

హైదరాబాదు ఆఫీసులో ఏది చెడినా ముందు మా ఊరి పేరే వచ్చేది. "అనంతపురం వాళ్ళు మళ్ళీ ఏదో చేశారు" అనేవాళ్ళు. ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడేవాళ్ళు కాబట్టి వెనక నుంచి ఆ మాట నాకు వినిపించేది. నాకు వినిపిస్తుందని వాళ్ళకూ తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళు. నేను కంప్యూటర్ల డిగ్రీ చేసి అనంతపురంలోనే ఆ హైదరాబాదు ఆఫీసువాళ్ళ చిన్న శాఖలో చేరాను. ఆఫీసంటే విత్తనాల అంగడి మీద రెండు గదులు, కొన్ని కంప్యూటర్లు, ఒకే ఒక ఫోను లైను. ఇంటర్నెట్టుకూ అదే లైను. శెనక్కాయ, అంటే వేరుశనగ, పండించే రైతులకు సలహాలు చెప్పే యంత్రం తయారుచేయడం మా పని. దాన్ని ఊళ్ళలోని సమాచార కేంద్రాల్లో పెడతారు. చదువు రానివాళ్ళు కూడా తెర మీది బొమ్మను వేలితో నొక్కితే, ఏ తెగులుకు ఏం చేయాలో అది పైకి మాట్లాడి చెప్పాలి.

రెండు ఆఫీసుల ఫైళ్ళనూ ఒక వెర్షన్ కంట్రోల్ ప్రోగ్రాం చూసుకునేది. సర్వర్ హైదరాబాదులో. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు, ఎందుకు మార్చారో అది గుర్తు పెట్టుకుంటుంది, పాత వెర్షన్ కావాలంటే తిరిగి ఇస్తుంది. మంచి ప్రోగ్రామే, కరెంటు నిలకడగా ఉండే చోట కూర్చున్నవాళ్ళకు. మా దగ్గర ఫైలు సగం పైకి ఎక్కేసరికి కరెంటు పోయేది. లైను తెగేది. ఒకరు ఎక్కిస్తుండగా ఇంకొకరు వేలు పెట్టకుండా మా పేరుతో పడిన తాళం సర్వర్లో అలాగే ఉండిపోయేది. ఇక హైదరాబాదులో ఎవరు ఏ ఫైలు ఎక్కించబోయినా, ఫలానా వాళ్ళ తాళం కోసం ఎదురు చూస్తున్నాను అని ఒక వాక్యం తెర మీద పదే పదే వచ్చేది. దానికి మందు చాలా తేలిక. సర్వర్లో మిగిలిపోయిన చిన్న ఫోల్డరు ఒకటి చెరిపేస్తే చాలు. అది వెతికి పట్టుకుని వాళ్ళకు చెప్పింది నేనే. వాళ్ళు ఆ ఫోల్డరు చెరిపేసి, తర్వాత ఫోను చేసి నన్నే కసురుకునేవాళ్ళు.

మేమూ వాళ్ళూ ఒకే ఫైలులో ఒకే చోట మార్పు చేస్తే ఇంకో తంటా. మీది ఇది, వాళ్ళది ఇది అని ఆ ప్రోగ్రాం రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఏది ఉంచుకోవాలో మీరే తేల్చుకోండి అంటుంది. అక్కడివాళ్ళు చదివే ఓపిక లేక మాది చెరిపేసి వాళ్ళది ఉంచుకునేవాళ్ళు. నేను పాత వెర్షన్ బయటికి తీసి మళ్ళీ కలిపేదాన్ని. నోరు మూసుకుని కలిపేదాన్నని అనుకోవద్దు. ప్రతిసారీ ఫోను చేసి అడిగేదాన్ని.

అక్కడి పెద్దాయనను మేము సార్ అనేవాళ్ళం. గోదావరి వైపు మనిషి. చెడ్డవాడని అనను. నాతో 'అమ్మా' అనకుండా ఒక్క ముక్క మాట్లాడలేదు. యంత్రంలో ఎవరి గొంతు పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ప్రస్తుతానికి నువ్వే చదివి పంపమ్మా అన్నారు. సరేనని సామాన్ల గది కిటికీకి బొంత కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతుండగా మైకు ముందు కూర్చున్నాను. వ్యవసాయం పుస్తకంలోని వాక్యాలు వార్తలు చదివినట్టు చదివాను.

మా ఆఫీసులో ఊళ్ళు తిరిగే అన్న ఒకాయన ఉండేవాడు. కదిరి దగ్గర పల్లెలో సొంత చేను ఉన్నవాడు. గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"ఎవురికి చెప్తాండావు పాపా? గోడకా?" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. కాగితాలు పక్కన పడేశాను. మా నాయన చేన్లో గట్టు మీద కూర్చుని ఉన్నాడనుకుని, ఆయనకు ఎలా చెప్తానో అలాగే చెప్పాను. "శెనక్కాయ ఆకు మీద మచ్చలు పడినాయా? ఒగ ఆకు తెంచి తిప్పి చూడు. అడుగున కూడా ఉండాయా, పైనే ఉండాయా?" అన్న తల ఊపి వెళ్ళిపోయాడు. ఒకటి కుదిరాక మిగతావన్నీ వాటంతటవే వచ్చాయి. అంతకు ముందు నేను రాసిన ఏ ప్రోగ్రామూ నాకు అంత తృప్తి ఇవ్వలేదు. ఆ గొంతుల ఫైళ్ళన్నీ కరెంటు ఉన్న గంటలు చూసుకుని సర్వర్లోకి ఎక్కించాను.

కొన్నాళ్ళకు సార్ ఫోను చేశారు. స్పష్టత లేదమ్మా, గరగరమంటోంది అన్నారు. దానికి మీ యాస కూడా తోడయ్యేసరికి ఒక్క ముక్క అర్థం కావడం లేదు అన్నారు. ఆ 'కూడా' దగ్గర నాకు ఒళ్ళు మండింది.

నా కంప్యూటర్లో వింటే గంట కొట్టినట్టు ఉంది. అయినా మైకు మార్చాను. బొంత మీద ఇంకో బొంత కట్టాను. మళ్ళీ చెప్పి మళ్ళీ పంపాను. మళ్ళీ గరగరే అన్నారు. నవ్వకండి, మిరియాల కషాయం కూడా తాగాను. మా ఇంట్లో మాట్లాడే తెలుగు, పుట్టినప్పటి నుంచి నా నోట ఆడిన తెలుగు, అదే బాగోలేదేమోనని కొన్ని రోజులు నిజంగా అనుకున్నాను. అలా అనుకునేలా చేసినందుకు ఇప్పటికీ నాకు కోపమే. ఇప్పుడు ఇక్కడ రాస్తున్న ఈ తెలుగు నాకు రాక కాదు. బళ్ళో నేర్పారు, నేర్చుకున్నాను. చేన్లో మనిషికి చెప్పాల్సిన మాట దీంట్లో చెప్పకూడదని మాత్రం బళ్ళో ఎవరూ చెప్పలేదు. అది నేను మైకు ముందు నేర్చుకున్నాను.

సార్ ఇక నాకోసం ఆగలేదు. హైదరాబాదులో వార్తలు చదివే గొంతున్న ఒకావిడతో అన్నీ చదివించి, నా ఫైళ్ళ పేర్లతోనే సర్వర్లో పెట్టేశారు. ఒకసారి దించుకుని విను, స్పష్టత అంటే ఏమిటో తెలుస్తుంది అన్నారు. నా అసలు ఫైళ్ళను వేరే ఫోల్డరులో దాచుకుని, ఆవిడవి దించాను. దిగడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. అన్న కూడా కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు. మొదటిది నొక్కాను.

గరగర. రెండో దాంట్లోనూ అంతే. ఇసుక మీద డబ్బా ఈడ్చినట్టు చప్పుడు, మధ్యలో ఎక్కడో ఒక మాట తేలి మునిగిపోతోంది.

అన్న తల గోక్కుని, "ఈయమ్మకు గూడా మన యాసే వచ్చినట్టుండాదే పాపా" అన్నాడు.

కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతుండగానే బుర్ర వెలిగింది. మా గొంతు వాళ్ళ దగ్గర గరగర, వాళ్ళ గొంతు మా దగ్గర గరగర. అలాంటప్పుడు తప్పు ఏ గొంతుదీ కాదు, దారిదే. వెంటనే ఫోను చేసి, నా పాత ఫైలు ఒకటి మళ్ళీ దించి, మీ దగ్గర సైజు ఎంతుందో చదవండి సార్ అన్నాను. చదివారు. నా దగ్గర ఉన్నదానికంటే అక్కడ కాస్త ఎక్కువ ఉంది. నేను చెప్పిన మాట హైదరాబాదు చేరేసరికి ఎందుకు లావెక్కుతుంది? ఆవిడ అసలు ఫైలు సైజు కూడా చదివించాను, అదీ మా దగ్గరికొచ్చి లావెక్కింది.

తర్వాత ఆ ప్రోగ్రాంతో వచ్చిన సహాయం పేజీలు ముందేసుకుని కూర్చున్నాను. సంగతి ఇంత. ఆ ప్రోగ్రాం తనకు ఇచ్చిన ప్రతి ఫైలూ రాతే అనుకుంటుంది. రాతలో వరుస ముగిసిన చోట సర్వర్లో ఒకలాంటి గుర్తు ఉంటుంది, మన కంప్యూటర్లో ఇంకోలాంటి గుర్తు ఉంటుంది. అందుకని ఫైలును ఎక్కించేటప్పుడు ఆ గుర్తును సర్వర్‌కు తగ్గట్టు మారుస్తుంది, దించేటప్పుడు ప్రతి వరుస చివరా మళ్ళీ మార్చి, ఒక అక్షరం అదనంగా పెడుతుంది. ఉత్తరానికైతే అది మేలే. గొంతులో వరుసలెక్కడివి? ఎక్కడ ఆ గుర్తులాంటిది కనబడితే అక్కడల్లా ఒకటి దూర్చింది. దూర్చిన చోటల్లా ధ్వని పట్టాలు తప్పింది. ఎవరు రికార్డు చేశారో వాళ్ళ కంప్యూటర్లో అసలు ఫైలే ఉంటుంది కాబట్టి వాళ్ళకు బాగానే వినిపిస్తుంది. దించుకున్నవాళ్ళకే గరగర. ఎక్కించేటప్పుడే ఇది రాత కాదు, దీని జోలికి పోవద్దని ఒక చిన్న గుర్తు ఇవ్వాలి. సర్వర్ను అమర్చినవాళ్ళెవరికీ ఆ ఆలోచన రాలేదు. వాళ్ళను తప్పు పట్టను, నాకూ రాలేదు. కానీ చప్పుడు చెడిందని తెలియగానే వాళ్ళకు మొదట తోచింది మా నోరు. నేను తప్పు పట్టేది దాన్ని.

సర్వర్లోనివి ఎటూ చెడిపోయాయి కాబట్టి, నేను దాచుకున్న అసలు ఫైళ్ళను ఆ గుర్తు పెట్టి మళ్ళీ ఎక్కించాను. నావే ఎక్కించాను, ఆవిడవి కాదు. సార్ విన్నారు. ఇప్పుడు స్పష్టంగానే ఉందమ్మా అని ఆయన నోటితోనే అన్నారు. నేను గెలిచాననుకున్నాను. అంతలో, అయినా నేనొకసారి వచ్చి చూస్తాను, అప్పుడే ఖాయం చేయొద్దు అన్నారు.

వచ్చారు. ముగ్గురం యంత్రం తీసుకుని శింగనమల పక్క పల్లెకు పోయాం. కూలిపని నుంచి వస్తున్న ఒక అవ్వను అన్న పిలుచుకొచ్చాడు. ముందు హైదరాబాదు ఆవిడ గొంతు పెట్టించారు సార్, తన వెంట తెచ్చిన సీడీ నుంచి. 'వేరుశనగ పంటలో ఆకుమచ్చ తెగులు లక్షణాలు గమనించినట్లయితే' అని మొదలైంది. అవ్వ కొంగు సర్దుకుని, చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడింది. అయిపోయింది. బొమ్మ నొక్కాల్సిన చోట నొక్కలేదు. ఎందుకమ్మా నొక్కలేదు అని సార్ అడిగితే, రేడియోలో పెద్దోళ్ళు మాట్లాడతాంటే మధ్యలో మనమేం చేసేది సారూ అంది.

తర్వాత నాది పెట్టాం. మచ్చలు అడుగున ఉండాయా, పైనే ఉండాయా అని అది అడగ్గానే అవ్వ యంత్రం మీదికి వంగింది.

"అడుగున ల్యావుమ్మా. పైనే ఉండాయి" అని దానికి జవాబు చెప్పి, పైమచ్చల బొమ్మ మీద వేలు పెట్టింది.

ఆఫీసుకు తిరిగొచ్చాక సార్ మొదలుపెట్టారు. ఒక్క ముసలమ్మను చూసి నిర్ణయం చేయలేం, యంత్రం చూడ్డానికి పైనుంచి పెద్ద పెద్దవాళ్ళు వస్తారు, 'ఉండాది, యాడ' అని యంత్రం మాట్లాడితే నవ్వుతారు అన్నారు. కోపంగా కాదు, నా మంచికే చెప్పినట్టు. హైదరాబాదు గొంతే ఖాయం, నీ ఫైళ్ళ మీద అవి ఎక్కించెయ్యమ్మా అన్నారు.

ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా కుర్చీలోంచి లేచి, దాన్ని ఆయన వైపు జరిపాను.

"నేను మార్చను సార్. మీరే మార్చండి, మీ పేరుతోనే. ఎందుకు మార్చినారో రాయమంటాది ప్రోగ్రాం. గొంతు బాగలేదని రాయొద్దండి, బాగుండాదని మీరే చెప్పినారు. ఉన్నది ఉన్నట్టు రాయండి."

సార్ నా వైపు చూశారు. తర్వాత కూర్చున్నారు. సీడీ పెట్టి, ఫైళ్ళు తెచ్చి, ఎక్కించమని ఆజ్ఞ ఇచ్చారు. ఆ ప్రోగ్రాం అలవాటు ప్రకారం ఖాళీ పేజీ ఒకటి తెరిచింది, కారణం రాయడానికి. ఆయన 'స్పష్టత కోసం' అని కొట్టి, చెరిపేశారు. 'ప్రామాణిక భాష' అని కొట్టారు. దాన్ని చాలాసేపు చూశారు. ఆ అవ్వ గుర్తొచ్చిందో, నేను వెనకే నిలబడి ఉన్నానని గుర్తొచ్చిందో నాకు తెలియదు. అదీ చెరిపేసి, ఖాళీ పేజీనే మూసేశారు. కారణం ఏమీ రాయలేదు, ఆపేయమంటారా, అలాగే ఎక్కించమంటారా, మళ్ళీ రాస్తారా అని అడిగింది ప్రోగ్రాం. అలాగే ఎక్కించమంటే ఎక్కించేది. దానికేం పట్టింపు లేదు.

సార్ ఆపేయమనే అక్షరం నొక్కారు. సీడీ తీసి సంచిలో పెట్టుకుని, రైలుకు టైమయిందమ్మా అన్నారు. నా గొంతు ఖాయమని ఆయన ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. కొన్నేళ్ళకు ఆ యంత్రాలన్నీ చెడి మూలపడ్డాయి. మూలపడేదాకా అవి మాట్లాడింది మా తెలుగే.