మాస్టారబ్బాయి

గోదావరి జిల్లాల్లో మాస్టారు అన్న మాటకి కరువు లేదు. బట్టలు కుట్టేవాడు టైలరు మాస్టారు. పెళ్ళిలో సన్నాయికి పోటీగా బూరాలు ఊదించేవాడు బ్యాండు మాస్టారు. హోటల్లో టీ కలిపేవాడు టీ మాస్టారు. రైల్లో ముక్కూ మొహం తెలియని మనిషిని కాస్త జరగమనాలన్నా "మాస్టారూ, కొంచెం జరుగుతారా" అనేస్తాం. ఖర్చు లేని మాట కదా, ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేస్తాం. ఇంత ధారాళంగా పంచిపెట్టే మాట ఒక్క భాస్కరానికి మాత్రం ఇవ్వడానికి ఊరికి నోరు రాలేదు. అన్యాయమే. అయితే ఆ అన్యాయం ఊరిది మాత్రమే కాదు, అదే ఇక్కడ చెప్పుకోవలసిన సంగతి.

పెద్దాపురానికి అయిదు మైళ్ళ అవతల గుమ్మళ్ళపేట వాళ్ళ ఊరు. భాస్కరం చదువుకోనివాడేం కాదు. పెద్దాపురంలో బి.ఏ., రాజమండ్రిలో బి.ఇడి. చేశాడు. పదేళ్ళుగా పొద్దునా సాయంత్రమూ ఇంటి అరుగు మీద పిల్లలకి ప్రైవేటు చెబుతున్నాడు. రెండేళ్ళ నుంచి ఊరి బళ్ళోనే విద్యావాలంటీరుగా చేస్తున్నాడు. వాలంటీరంటే మరేం లేదు. పాఠాలు చెప్పాలి, పేపర్లు దిద్దాలి, ముక్కులు తుడవాలి, ఏప్రిల్ రాగానే ఇంటికి పోవాలి. జూన్‌లో మళ్ళీ పిలిస్తే అదృష్టం. హాజరు పట్టీలో సంతకం పెట్టడానికి కూడా టీచర్ల పేర్ల కింద ఒక గీత గీసి, ఆ గీత కింద చోటు చూపించారు. పిల్లలు సార్ అనేవారు. ఊళ్ళో పెద్దవాళ్ళు మాత్రం మాస్టారబ్బాయి అనేవారు. నుదుటి మీద జుట్టు పలచబడినా, ఇద్దరు పిల్లల తండ్రయినా, ఆ ఊరికి అతను మాస్టారబ్బాయే.

ఎందుకంటే ఊరికి మాస్టారు ఒక్కరే. భాస్కరం తండ్రి విశ్వపతి గారు. ఆయన కోనసీమ నుంచి ఇరవై రెండో ఏట ట్రంకు పెట్టె పట్టుకుని ఆ ఊరొచ్చి, రిటైరయ్యేదాకా అదే బళ్ళో ఉండిపోయారు. తాతకీ కొడుక్కీ మనవడికీ ఆయనే చదువు చెప్పారు. ఆయన వీధిలో నడిచి వస్తుంటే సైకిలు తొక్కేవాడు దిగిపోయేవాడు. చేలగట్ల తగవుల్లో కూడా "మాస్టారేమన్నారు" అని అడిగేవారు. ఆయనకీ తన సంగతి తెలుసు. తన చేతి రాతలో ఉన్న బడి రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత కూడా ఉండదని, కావాలంటే వెళ్ళి చూసుకోమని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

భాస్కరానికి చిన్నప్పటి నుంచీ ఉన్నది ఒకటే కోరిక. ఆ బళ్ళోనో, అలాంటి మరో బళ్ళోనో గీతకి పైన సంతకం పెట్టాలి. మాస్టారు అని పిలిపించుకోవాలి. నవ్వుకోవలసిన కోరిక కాదది. రెండుసార్లు టీచరు ఉద్యోగాల పరీక్ష రాశాడు. మొదటిసారి రెండు మార్కుల్లో పోయింది. రెండోసారి జాబితాలో సరిగ్గా అతని పైవాడి దగ్గర ఆపేశారు. ఆ తరవాత చాలా ఏళ్ళు పరీక్షే పెట్టలేదు. అతను మాత్రం పుస్తకాలు కట్ట విప్పినవి విప్పినట్టే ఉంచాడు.

తొంభైల చివర్లో ఒక శ్రావణమాసంలో మళ్ళీ టీచరు ఉద్యోగాల ప్రకటన పేపర్లో పడింది. భాస్కరం పేపరు తెచ్చి, అరుగు మీద కూర్చుని, రెండుసార్లు చదివాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. వయసు పరిమితికి అతను ఇరవై తొమ్మిది రోజులు ఎక్కువయ్యాడు. నెలకి ఒక్క రోజు తక్కువ, అంతే. పేపరు మడిచి పక్కన పెట్టి, ప్రైవేటుకొచ్చిన పిల్లల్ని ఆ రోజుకి పొమ్మన్నాడు.

విశ్వపతి గారు ఆ పేపరే తీసి, కళ్ళజోడు సర్దుకుని చదివారు. వాలు కుర్చీలోంచే కొడుకుని పిలిచారు.

"ఏరా, వయసు మించిపోయేదాకా ఏం చేస్తున్నావురా? నీతో చదివినవాళ్ళు హెడ్మాస్టర్లయ్యారు. మాస్టారి కొడుకువై ఉండి, అందరిలో నాకు తలవంపులు తెచ్చావు."

భాస్కరానికి తండ్రి ఎదుట నోరు పెగిలిన రోజు ఎప్పుడూ లేదు. వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న అతని భార్య సీతారామలక్ష్మి చేట కింద పెట్టింది. పదేళ్ళ కాపురంలో మావగారికి ఎదురు చెప్పి ఎరగదావిడ.

"ఆయనకేం వయసు మించలేదండీ మావయ్యగారూ" అంది. "ఆయన పుట్టింది కార్తీకంలోనట కదా. జాతకం నేనూ చూశాను. అసలు వయసు ప్రకారం ఇంకా ఏడాది పైన టైముంది. మించిపోయింది రిజిస్టర్లో మీరు వేసిన వయసు."

విశ్వపతి గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే, ఎవరూ పట్టించుకోనిదే. భాస్కరానికి మూడున్నరేళ్ళప్పుడు తల్లి విషజ్వరంతో పోయింది. పిల్లాణ్ణి చూసేవాళ్ళు లేరు. ఆయన బడికి పోతే ఇంట్లో ఎవరి దగ్గర ఉంచాలి? జూన్‌లో బడి తెరవగానే వెంట తీసుకెళ్ళి, ముందు వరసలో తన కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకున్నారు. అయిదేళ్ళు నిండనిదే పేరు రాయకూడదు. అందుకని ఒక తేదీ అనుకుని రాసేశారు. ఆ రోజుల్లో బళ్ళో వేసేటప్పుడు ఎవరి పుట్టిన తేదీ అయినా మాస్టారి కలంలోంచి పుట్టేదే. "గోదావరికి పెద్ద వరదొచ్చిన ఏడండి", "మా గేది ఈనిన నెలండి" అని తల్లులు చెబితే మాస్టార్లు తేదీలు కట్టేవారు. తెలివైనవాళ్ళు ఉద్యోగం ఎక్కువకాలం చేసుకోవచ్చని వయసు తగ్గించి వేయించుకునేవారు. విశ్వపతి గారు తన కొడుక్కి పెంచి వేశారు. పదో తరగతి లోపల దిద్దించుకుని ఉంటే సరిపోయేది. మాస్టారి చేతి రాతని దిద్దమని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

ఆ రోజు ఆయన అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, కండువా వేసుకుని, జాతకం కాగితం జేబులో పెట్టుకుని కొడుకు ముందు నిలబడ్డారు.

"పద, కాకినాడ వెళదాం. నేను రాసిన తప్పు నేనే చెబుతాను."

"మారుస్తారంటారా నాన్నగారూ?"

"రాసినవాణ్ణి బతికే ఉన్నాను కదరా."

భాస్కరానికి ఆ క్షణంలో తండ్రి మీద కోపం లేదు. ఆశ పుట్టింది. ఆశ పుడితే మనిషి కోపం సంగతి మరిచిపోతాడు. బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకిచ్చి, సామర్లకోట దాటేదాకా నిలబడే వెళ్ళాడు. దరఖాస్తుకి ఇంకా పదకొండు రోజుల గడువుంది. ఈ రోజు ఒక కాగితం మీద సంతకం దొరికితే రేపే ఫీజు కట్టేయొచ్చని, పరీక్షకి మొదట లెక్కలు చూసుకోవాలని దారి పొడుగునా మనసులో అనుకుంటూనే ఉన్నాడు.

జిల్లా విద్యాశాఖ ఆఫీసులో ఆ పని చూసే సీట్లో ఉన్న మనిషిని చూడగానే ఆ ఆశ రెట్టింపయింది. సూపరింటెండెంటు పల్లంరాజు గుమ్మళ్ళపేట వాడే. బళ్ళో భాస్కరం కన్నా ఒక తరగతి కింద చదివాడు. విశ్వపతి గారిని చూడగానే కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అందరి ఎదుటా కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మాస్టారూ, మీరు రావడమేంటండి? కబురు చేస్తే నేను రానా? కూర్చోండి. ముందు మీరు కూర్చోండి." గుమాస్తాలని పిలిచి, "మా మాస్టారండి. నాకు అక్షరం ముక్క పెట్టింది ఈయనే" అని చెప్పాడు.

విశ్వపతి గారు కూర్చోలేదు. నిలబడే, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, ఎక్కడా ఆగకుండా మొత్తం చెప్పారు. భార్య పోవడం, పిల్లాణ్ణి వెంట తీసుకెళ్ళడం, లేని తేదీ రాయడం. జాతకం తీసి బల్ల మీద పెట్టారు. "ఆ ఒక్క పంక్తిలో నేను అబద్ధం రాశాను నాయనా. నా పేరున ఏం రాయమంటే అది రాసిస్తాను."

పల్లంరాజు జాతకం ముట్టుకోలేదు. మొహంలో నవ్వు పోయింది.

"అది ఏ జూన్ మాటండి మాస్టారూ?" అని అడిగాడు.

ఆయన ఏడాది చెప్పారు.

"మా అమ్మ కూడా నన్ను ఆ జూన్‌లోనే మీ దగ్గరికి తీసుకొచ్చిందండి. నాకప్పుడు నాలుగేళ్ళు. చేలోకి పోతే పిల్లాణ్ణి చూసేవాళ్ళు లేరు, అయిదని వేసెయ్యండి బాబూ అని మీ కాళ్ళు పట్టుకుంది. మీరేమన్నారో మా అమ్మ చచ్చిపోయేదాకా చెప్పుకునేదండి. బడి రిజిస్టర్లో నా చేత్తో అబద్ధం రాయనమ్మా, వచ్చే ఏడు తీసుకురా అన్నారట. ఆ ఏడంతా నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, కాలికి తాడు కట్టి ఊడ్పులు ఊడ్చింది మా అమ్మ. అయినా ఎప్పుడూ మిమ్మల్ని ఒక మాట అనలేదండి. మాస్టారంటే అలా ఉండాలిరా అనేది."

విశ్వపతి గారి చెయ్యి బల్ల అంచు మీదికి వెళ్ళింది. భాస్కరం కుర్చీ దగ్గరగా జరిపాడు. ఈసారి ఆయన కూర్చున్నారు.

"అది నిజమే నాయనా" అన్నారు. "ఇదీ నిజమే."

"కాదండి. మీరు అబద్ధం రాసే మనిషి కారు. కొడుకు మీద ప్రేమకొద్దీ ఇప్పుడిలా చెబుతున్నారు. ఈ వయసులో మీకిది తగదండి మాస్టారూ. పదో తరగతి సర్టిఫికెట్లో పడ్డ తేదీ ఎవరూ మార్చలేరు, అది వేరే సంగతి. ఈ మాట మాత్రం ఇంకెక్కడా చెప్పకండి. నేనూ వినలేదనుకుంటాను."

నమ్మలేదో, నమ్మదలచుకోలేదో ఎవరికి తెలుసు. నమ్మితే ఆ తల్లి కట్టిన తాడుకి అర్థం ఏం మిగులుతుంది? జాతకం కాగితాన్ని రెండు చేతులతో తీసి, మడత చెదరకుండా మాస్టారి జేబులో తనే పెట్టాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు. వెళ్ళేటప్పుడు మళ్ళీ దణ్ణం పెట్టాడు. భాస్కరం వైపు మాత్రం చూడలేదు. ముసలి తండ్రి చేత అబద్ధం ఆడించడానికి తీసుకొచ్చిన కొడుకుని చూసే చూపు కూడా దండగనుకున్నాడేమో. ఆ చూపు పడకపోవడమే భాస్కరానికి చెంపదెబ్బలా తగిలింది. నేను అడగలేదు, ఆయనే వచ్చారు అని చెబుదామనుకున్నాడు. చెప్పి ఏం లాభం?

తిరుగు బస్సు పెద్దాపురంలో ఆగింది. దిగేటప్పుడు విశ్వపతి గారు కొడుకు చెయ్యి పట్టుకుని, "ఆవిడ నిజంగానే కాళ్ళు పట్టుకుందిరా. నువ్వు అప్పుడు నా కాళ్ళ దగ్గరే కూర్చుని ఉన్నావు" అన్నారు.

గడువు పదకొండు రోజులూ ఒక్కొక్కటిగా గడిచిపోయాయి. భాస్కరం పుస్తకాలు కట్ట కట్టి అటక ఎక్కించాడు. రోజూ బడికి పోయి గీత కింద సంతకం పెట్టి వస్తున్నాడు. కొత్త టీచరు వస్తే ఆ చోటు కూడా ఉండదని హెడ్మాస్టరు వెంకటరాజు గారు ముందే చెప్పి ఉంచారు. విశ్వపతి గారు వీధిలోకి రావడం మానేశారు. ఎవరైనా వీధిలోంచి "మాస్టారూ" అని పలకరిస్తే వినపడనట్టు ఉండేవారు. చెవులు పోయినట్టున్నాయి పాపం అనుకున్నారు జనం.

విజయదశమి నాటి పొద్దున్న, పొలం పనులు చేసే పాలికాపు సత్తియ్య మనవరాలు పాపాయిని చంకనేసుకుని వచ్చాడు. చేతిలో ఇత్తడి పళ్ళెం, దాన్నిండా బియ్యం, కొత్త పలక, అరటిపళ్ళు. పిల్లకి అక్షరాలు దిద్దించాలి. సత్తియ్యకీ, వాడి కూతురికీ కూడా అదే అరుగు మీద, అదే చేత్తో అక్షరాభ్యాసం జరిగింది. పిల్ల కొత్త గౌను వేసుకుని అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

విశ్వపతి గారు చేతులు కండువా కిందికి లాక్కున్నారు.

"నేను దిద్దించడం మానేశాను సత్తియ్యా. నా చెయ్యి మంచిది కాదు. మా భాస్కరం ఉన్నాడుగా, వాడి చేత దిద్దించు. నాకన్నా వాడు బాగా చెబుతాడు."

లోపల చొక్కా తొడుక్కుంటున్న భాస్కరం గుండీలు పెట్టుకోవడం ఆపేశాడు. ఏమో, ఆ ఒక్క క్షణం అతని మనసు ఎక్కడికి వెళ్ళిందో అతనే చెప్పుకోలేడు. ఇన్నేళ్ళలో ఆ అరుగు మీద ఎవరి వేలూ పట్టుకుని మొదటి అక్షరం దిద్దించలేదతను. చేతులు కడుక్కోవాలనుకుని చెంబు కోసం చూశాడు.

బయట సత్తియ్య నీళ్ళు నములుతున్నాడు.

"ఆయ్, భాస్కరం బాబుగారు మంచోరేనండి, ఆరినేమనడానికి లేదండి. కాకపోతే మొదటచ్చరం కదండీ. మాస్టారి చేతే దిద్దించుకురమ్మంది మా ఇంటిది. బాబుగారు మాస్టారు కాదు కదండీ."

మంచి మనిషి సత్తియ్య. ఎవరి మనసూ నొప్పించాలని అనలేదు, ఉన్నమాట అన్నాడు. విశ్వపతి గారు లోపలికి చూశారు. ఆ ముసలి కళ్ళు కొడుకుని ఏదో అడిగాయి. భాస్కరం గుండీలు పెట్టుకుని బయటికి వచ్చాడు.

"కానివ్వండి నాన్నగారూ. పండగ పూట పిల్లని వెనక్కి పంపకూడదు."

ఆయన కండువా కిందినుంచి చెయ్యి తీసి పాపాయి చూపుడు వేలు పట్టుకున్నారు. చెయ్యి వణుకుతోంది, దాంతో పాటు పళ్ళెం కూడా అరుగు మీద గలగలమంటోంది. బియ్యంలో అక్షరం నిలవడం లేదు. భాస్కరం మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళెం కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.